కొమ్ముల డైనోసార్‌కు ఎప్పుడూ రెండో పాత్రే ఎందుకు?

మీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను. డిస్నీ వారి ‘డైనోసార్’ సినిమాలోని ముసలి ఈమా, ‘టాయ్ స్టోరీ’లోని ట్రిక్సీ, పార్కుల్లో పిల్లలు చేత్తో తాకే కొమ్ముల డైనోసార్, ఇవన్నీ ఒకే జంతువా అని మీ అబ్బాయి అడుగుతున్నాడు. అన్నిచోట్లా అది సాధువుగా, హీరో పక్కన నిలబడే పాత్రగానే ఎందుకుంటుందని మీ సందేహం. వీటిలో ఏది నిజానికి దగ్గర అన్నది ఇంకొకటి. చివరగా, మీవాడు గీసిన స్టైరాకోసారస్ బొమ్మలో తల వెనుక ఒకవైపు రెండు ముళ్లు, ఇంకోవైపు మూడు ఉన్నాయి, దిద్దాలా అని అడిగారు.

పద్దెనిమిదేళ్లుగా నేను యానిమేషన్‌లో రిగ్గింగ్ చేస్తున్నాను. కంప్యూటర్‌లో చెక్కిన జంతువుకు లోపల ఎముకలూ కీళ్లూ అమర్చి, యానిమేటర్ దాన్ని కదపడానికి వీలుగా తయారుచేసి ఇచ్చే పని అది. కొమ్ముల డైనోసార్లతో రెండుసార్లు కుస్తీ పట్టాను. రెండుసార్లూ అవే గెలిచాయి. కాబట్టి ఈ జవాబులో శాస్త్రం కొంత, పనిబల్ల దగ్గర నేర్చుకున్నది కొంత.

ముందు తేలిక సంగతి. ట్రిక్సీ ట్రైసెరాటాప్స్, ఈమా స్టైరాకోసారస్. వంశం ఒకటే, ఇళ్లు వేరు. గుర్తుపట్టాలంటే ముక్కు మీద చూడమనండి. ట్రైసెరాటాప్స్‌కు ముక్కు కొమ్ము పొట్టిది, కళ్ల పైనున్న రెండు కొమ్ములు పొడవు, పెద్దవాటిలో దాదాపు మీటరు దాకా ఉంటాయి. తల వెనుక విసనకర్రలా విచ్చుకున్న ఎముక పలకకు రంధ్రాలు లేవు, పొడవాటి ముళ్లూ లేవు. స్టైరాకోసారస్ సరిగ్గా దీనికి తలకిందులు. ముక్కు మీద ఒక పెద్ద కొమ్ము ఉంటుంది, కళ్ల పైన దాదాపు ఏమీ ఉండదు, పలకలో రెండు పెద్ద రంధ్రాలు, దాని అంచున నాలుగు నుంచి ఆరు దాకా పొడవాటి ముళ్లు. ట్రైసెరాటాప్స్ ఎనిమిది తొమ్మిది మీటర్ల జంతువు, స్టైరాకోసారస్ సుమారు ఐదున్నర మీటర్లు. మొదటిది సుమారు 6.8 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల క్రితం వరకు బతికింది. రెండోది అంతకు ఎన్నో లక్షల ఏళ్లు ముందే, 7.5 కోట్ల ఏళ్ల నాటిది. అంటే ఈమా, ట్రిక్సీ ఎదురుపడే అవకాశమే లేదు.

వీటిని తికమక పడినందుకు పిల్లవాణ్ణి ఏమీ అనకండి. పెద్దపెద్దవాళ్లే పడ్డారు. 1887లో అమెరికాలోని డెన్వర్ దగ్గర ఒక కొమ్ముల జత దొరికితే శిలాజ శాస్త్రవేత్త ఒథ్నియెల్ మార్ష్ వాటిని రాక్షస బైసన్ (అడవి ఎద్దు) కొమ్ములనుకుని ఆ పేరే పెట్టేశాడు. రెండేళ్లకు, 1889లో, అదే మనిషి ట్రైసెరాటాప్స్‌కు నామకరణం చేశాడు. 1905లో అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ప్రపంచంలోనే మొదటిసారి ఒక ట్రైసెరాటాప్స్ అస్థిపంజరాన్ని నిలబెట్టినప్పుడు, ఎన్నో జంతువుల ఎముకలు కలిపి కూర్చారు. వెనుక పాదాలు మాత్రం బాతుమూతి డైనోసార్‌వి. దాదాపు వందేళ్లు ఆ పాదాలతోనే నిలబడింది పాపం.

ఇక మీ అసలు సందేహానికి వస్తాను. కొమ్ముల డైనోసార్ పక్క పాత్రలో పుట్టలేదు, అక్కడికి నెట్టబడింది. ‘డైనోసార్’ 2000లో విడుదలైంది. 1980లలో స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు ఫిల్ టిప్పెట్, దర్శకుడు పాల్ వెర్‌హోవెన్ అనుకున్న మొదటి రూపంలో ఆ కథకు నాయకుడు ఒక స్టైరాకోసారస్. పేరు వూట్. మాటలుండవు, మెతకదనం ఉండదు. డిస్నీలో ఏళ్ల తరబడి నలిగి బయటికొచ్చేసరికి హీరో ఆలడార్ అనే ఇగ్వానోడాన్ (కొమ్ములు లేని, ఆకులు తినే మరో డైనోసార్) అయ్యాడు, స్టైరాకోసారస్ మంద చివర ఈడ్చుకుంటూ నడిచే అవ్వ అయింది. (ఈమా అన్న పేరు తెలుగు చెవికి ‘ఈమేనా?’ అన్నట్టు వినిపిస్తుంది. వూట్ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు అది కొంచెం దిగులుగానే వినిపిస్తోంది.)

ఇదే కథ ఫ్లోరిడాలోనూ జరిగింది. డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ పార్కు 1998లో తెరిచినప్పుడు అందులో ‘కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్’ అనే రైడ్ ఉండేది. దాని ముంగిట స్టైరాకోసారస్ విగ్రహం. లోపల చీకట్లోకి బండి దూసుకెళ్లగానే మొదట్లోనే ఎదురయ్యే జంతువుల్లో ఒకటి కూడా స్టైరాకోసారసే. 2000లో సినిమా రాగానే రైడ్ పేరును ‘డైనోసార్’గా మార్చారు, బయట విగ్రహం తీసేసి ఇగ్వానోడాన్ ఆలడార్‌ను పెట్టారు. రెండుచోట్లా కుర్చీ ఖాళీ చేయించింది ఒకే జంతువు.

ఎందుకు? ఇక్కడ నా పనిబల్ల మాట్లాడుతుంది. కుటుంబ చిత్రంలో కథానాయకుడంటే ముఖమే. మాట్లాడాలి, ఏడవాలి, పక్కవాడి వైపు తిరిగి నవ్వాలి. కొమ్ముల డైనోసార్ ముఖం వీటిలో ఒక్కదానికీ ఒప్పుకోదు. నోటి ముందు భాగం చిలకముక్కు, పెదవులు లేవు, ‘ప’, ‘మ’ పలికించడానికి కలపాల్సినవేవీ అక్కడ లేవు. ఇగ్వానోడాన్‌కూ నిజానికి ముందు కొమ్ముముక్కే ఉండేది. ఆలడార్‌కు మాత్రం దాన్ని తీసేసి పెదవులు పెట్టారు, సమస్య తీరిపోయింది. స్టైరాకోసారస్‌కు అలా తీసేస్తే మిగిలేది స్టైరాకోసారస్ కాదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదుటివారి కళ్లలోకి సూటిగా చూసే చూపు కుదరదు. కనుబొమలు ఎత్తుదామంటే ఆ చోట ఎముక.

వీటన్నిటికంటే మొండిది వెనుక పలక. మనిషి తల తిప్పితే మెడ తిరుగుతుంది, భుజం మీదుగా చూపు పడుతుంది. ఈ జంతువు తల తిప్పితే ఒక తలుపు తిరిగినట్టే. ఇద్దరు పక్కపక్కన నిలబడి మాట్లాడుకునే షాట్ పెట్టండి, పలక రెండోవారి ముఖాన్ని పూర్తిగా మూసేస్తుంది. దగ్గరి షాట్ పెట్టండి, తెర అంతా ఎముకే. దర్శకుడికి హీరో కావాలి కానీ గోడ అక్కర్లేదు కదా.

నా మొదటి అనుభవం చెబుతాను. ఒక చిన్న ప్రదర్శన చిత్రానికి ట్రైసెరాటాప్స్ పిల్లను తయారుచేశాను. కథ ప్రకారం అది ఆకాశంలో నక్షత్రాన్ని చూడాలి. తల ఎత్తించాను. చూడముచ్చటగా ఉంది. చిన్న తెరపై అందరూ చూశారు, మెచ్చుకున్నారు. పెద్ద తెర మీద వేసిన రోజు మూడో వరుసలో ఎవరో పిల్లవాడు “దాని వీపులో తల ఇరుక్కుంది” అన్నాడు. నిజమే, ఆరు ఫ్రేముల పాటు పలక అంచు భుజాల మధ్య మాంసంలోకి దిగబడి ఉంది. మనిషి తలను కదిపినట్టు కదిపాను, అదీ నా తప్పు. ఆ రాత్రి పుర్రెల బొమ్మలు ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది. ట్రైసెరాటాప్స్ పుర్రె వెనుక బంతిలాంటి గుండ్రని ఎముక ఉంటుంది, అది మెడ గుంటలో కూర్చుంటుంది. మెడలో మొదటి కొన్ని పూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉంటాయి. అంటే మెడ వంగడం కంటే తల ఆ బంతి మీద తిరగడమే ఎక్కువ. ఆ తర్వాత నేను ఇరుసును మెడ మధ్య నుంచి తీసి పుర్రె కిందకు మార్చాను. తల కొద్దిగా పక్కకు వాలి, ఒక కన్ను పైకి చూసింది. నేను అనుకున్నదానికంటే అందంగా ఉంది. కోడి ఆకాశంలో గద్దను చూసినట్టు చూసింది.

ఇది తెలిశాక పాత బొమ్మలను మళ్లీ చూస్తే ఒక్కొక్కరు ఈ ముఖాన్ని ఎలా దాటారో కనిపిస్తుంది. డాన్ బ్లూత్ 1988లో తీసిన ‘ది ల్యాండ్ బిఫోర్ టైమ్’లో సెరా అనే ట్రైసెరాటాప్స్ చిన్నపిల్ల కాబట్టి ముక్కు మీద ఒక చిన్న కొమ్ముతో సరిపెట్టేశారు. కళ్లను ముందుకు లాగారు, పలకను జుట్టుముడిలా చిన్నది చేశారు. దాంతో ముఖం పూర్తిగా మనిషిపిల్లదైంది, ఎంత కోపమైనా పలుకుతుంది. ఆ సినిమాలో నాకు ఎప్పటికీ మరపురాని ఘట్టం ఒకటుంది. మాంసాహారి కదలకుండా పడి ఉంటుంది. అది చచ్చిందనుకుని సెరా వెనక్కి వెళ్లి, పరిగెత్తుకొచ్చి, తలతో ఢీకొంటుంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. అప్పుడు ఆ పెద్ద కన్ను తెరుచుకుంటుంది. ఆ తర్వాత సెరా తోటి పిల్లల దగ్గర తన వీరత్వం గురించి కోతలు కోయడం మరీ బాగుంటుంది. ఆ జాతి గురించి మనం ఊహించుకునే మొండితనం, గర్వం, భయం మూడూ ఆ కాసేపట్లో పట్టేశారు.

కానీ శాస్త్రం వేరేగా ఉంది. కొమ్ములు పెద్దయ్యాకే మొలుస్తాయన్నది తప్పు. 2006లో వివరించిన ఒక పసి ట్రైసెరాటాప్స్ పుర్రె పొడవు ముప్పై సెంటీమీటర్లు. దానికి అప్పటికే కళ్ల పైన మూడు, నాలుగు సెంటీమీటర్ల మొటిమల్లాంటి కొమ్ములున్నాయి. ఎదిగే వయసులో ఆ కొమ్ములు వెనక్కి వంగేవి, పూర్తిగా పెద్దయ్యేసరికి ముందుకు తిరిగేవి. సెరాకు ఆ వెనక్కి వంగిన కొమ్ములు పెట్టి ఉంటే యుక్తవయసు చిరాకుకు అంతకంటే మంచి గుర్తు దొరికేది కాదు. నేను చూసిన ఏ యానిమేషన్‌లోనూ దాన్ని వాడుకోకపోవడం నాకు ఆశ్చర్యం.

ఈమా దగ్గర పరిష్కారం వేరు. ముఖంతో పని తక్కువ, శరీరంతో ఎక్కువ. ఎండిపోయిన సరస్సు దగ్గర మంద మొత్తం ఆగే ఘట్టం చూడండి. ఈమా అక్కడికి చేరేసరికే కాళ్లు తడబడుతుంటాయి, తల నేలకు వేలాడుతుంటుంది. ఆ తలను మోయడమే ఒక పని అని చూసేవాడికి అర్థమవుతుంది. పొడవు మెడ బ్రాకియోసారస్ బేలిన్ పాదం కింద నేలలో తడి పలికేదాకా ఆ బరువు తగ్గదు. స్టైరాకోసారస్‌ను ఇంత నమ్మకంగా జంతువుగా చూపిన కుటుంబ చిత్రం నాకు ఇంకొకటి కనబడలేదు. వంకలు లేవని కాదు, వేర్వేరు కాలాల, వేర్వేరు ఖండాల జంతువులను ఒక్కచోట చేర్చారు. ఇగ్వానోడాన్ 12 కోట్ల ఏళ్ల పైమాటే, బ్రాకియోసారస్ 15 కోట్ల ఏళ్లది, మాంసాహారి కార్నోటారస్ దక్షిణ అమెరికాది, స్టైరాకోసారస్ కెనడాలోని అల్బర్టాది. అయినా గుంపుగా నడవడం మాత్రం నమ్మదగ్గదే. అల్బర్టాలో స్టైరాకోసారస్ ఎముకలు చాలా జంతువులవి ఒకేచోట కలగలిసి దొరికాయి. ట్రైసెరాటాప్స్ ఎముకలు ఎక్కువగా ఒంటరిగానే దొరుకుతాయి.

2015లో వచ్చిన ‘ది గుడ్ డైనోసార్’లోనూ ఒక స్టైరాకోసారస్ ఉంది, ఫారెస్ట్ వుడ్‌బుష్. కనిపించేది కాసేపే. అడవిలో చెట్ల మధ్య నిలబడి ఉంటాడు, తల ముళ్లు కొమ్మల్లా కలిసిపోతాయి, వాటి మీద చిన్న చిన్న ప్రాణులు కూర్చుని ఉంటాయి. తక్కినవాళ్లు దాచాలని చూసిన ముళ్లను వీళ్లు చెట్టుగా చూశారు. పలక గోడ కాకుండా కొమ్మ అయింది. ఆ డిజైన్ చేసినవారికి నేను మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.

ట్రిక్సీ విషయం ఇంకా సులువు. బొమ్మ కాబట్టి ప్లాస్టిక్ ఎలా వంగితే అలా వంగవచ్చు. ‘టాయ్ స్టోరీ 3’లో గుంపులో ఒకరు. 2014లో వచ్చిన టెలివిజన్ ప్రత్యేక చిత్రంలో మాత్రం కథ తనదే, అది కూడా ‘నన్ను ఒక్కసారైనా డైనోసార్‌గా ఆడించరేం’ అన్న బెంగతో నడిచే కథ. కొమ్ముల డైనోసార్‌కు చివరికి ప్రధాన పాత్ర దొరికింది, ఆ కథ తనకు దొరకని పాత్ర గురించి. రాసినవారికి వూట్ సంగతి గుర్తుందో లేదో కానీ, నాకు గుర్తొచ్చింది.

పార్కుల్లో లెక్క పూర్తిగా మారిపోతుంది. అక్కడ ముఖం మాట్లాడనక్కర్లేదు, ఒళ్లు నిలబడాలి. రెండు కాళ్ల టైరనోసారస్ మర బొమ్మను నిలబెట్టడం, అది ఊగుతున్నప్పుడు పడకుండా చూడటం ఇంజనీర్లకు తలనొప్పి. కొమ్ముల డైనోసార్ నాలుగు స్తంభాల మీద బల్లలా నిలుస్తుంది. గొట్టాలు, తీగలు కాళ్ల గుండా నేలలోకి పోతాయి. పక్కటెముకలు ఊపిరి తీస్తే, కనురెప్ప పడితే, తల కొద్దిగా తిరిగితే చాలు, ప్రాణం ఉన్నట్టే. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ కార్ల కంపెనీ మందిరానికి డిస్నీ బృందం చేసిన డైనోసార్లలో ట్రైసెరాటాప్స్ కుటుంబం ఉంది, గుడ్లలోంచి పిల్లలు తలలు బయటపెడుతుంటాయి. 1966లో వాటిని కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ రైలు దారి పక్కకు తరలించారు. 1993లో ‘జురాసిక్ పార్క్’ కోసం స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన జబ్బుపడ్డ ట్రైసెరాటాప్స్ కూడా ఈ దారిలోదే. పక్కకు ఒరిగి పడుకున్న జంతువు, దాని మీద చేయి వేసిన మనుషులు. ఫ్లోరిడాలో యూనివర్సల్ వారి ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో 1999 నుంచి కొంతకాలం నడిచిన ట్రైసెరాటాప్స్ కేంద్రం ఆ దృశ్యాన్నే చేతికి అందేలా చేసింది. సంరక్షకుడి వేషంలో ఒకరు జంతువు ఆరోగ్యం గురించి చెబుతుంటే, పిల్లలు వెళ్లి తాకేవారు.

తాకనివ్వడమే పార్కులో ఈ జంతువు ఉద్యోగం. పశువులా నాలుగు కాళ్లు, పశువులా కొమ్ములు, ఆకులు తినే నోరు. పిల్లవాడికి అది ముందే పరిచయమైన ఆకారం. ఆ పరిచయాన్ని ఆటబొమ్మ దాకా లాగింది యానిమల్ కింగ్‌డమ్‌లోని ‘ట్రైసెరాటాప్ స్పిన్’. ఇంగ్లిషులో జంతువు పేరు చివర ఉన్న ‘టాప్’ అంటే బొంగరం. ఆ శ్లేష పట్టుకుని ఒక పెద్ద బొంగరం చుట్టూ ట్రైసెరాటాప్స్ బండ్లను ఎగరేశారు. 2001లో మొదలై 2025 జనవరిలో మూతపడింది. దాన్ని చులకన చేసేవాళ్లు ఉంటారు. నేను చేయను. అంత సరదాగా పేరు పెట్టడం అందరికీ రాదు.

సాధువా కాదా అన్నదానికి సూటి జవాబు: కాదు. ట్రైసెరాటాప్స్ పుర్రెల పలకల మీద మానిన గాయాలున్నాయి, అవి ఒకదానితో ఒకటి కొమ్ములు కలిపి పోరాడాయనడానికి తగిన చోట్లలోనే ఉన్నాయని 2009లో వచ్చిన ఒక పరిశీలన చూపింది. టైరనోసారస్ కొరికిన కొమ్ము తర్వాత మానిన పుర్రె కూడా ఒకటుంది, అంటే ఆ దాడి నుంచి అది బతికి బయటపడింది. ఖడ్గమృగం శాకాహారే, అలాగని దాని దగ్గరకు ఎవరూ వెళ్లరు.

నిజానికి దగ్గరైనది ఏది అన్నారు. శరీరం వరకు ఈమా, స్వభావం వరకు సెరా. కాలాల విషయంలో మీవాడికి నేను చూపించేది మాత్రం 2009లో మొదలైన టీవీ ధారావాహిక ‘డైనోసార్ ట్రెయిన్’. అందులో ట్యాంక్ అనే ట్రైసెరాటాప్స్ పిల్ల ఉంది. వేర్వేరు యుగాల జంతువులను కలపాలంటే రైలు కాల సొరంగాల్లోంచి వెళ్లాల్సిందే, ఊరికే పక్కపక్కన నిలబెట్టరు. పెద్ద పెద్ద సినిమాలు తప్పించుకున్న చిక్కును చిన్నపిల్లల ధారావాహిక రైలెక్కించి తీర్చేసింది.

ఇక బొమ్మ. మేము కంప్యూటర్‌లో జంతువును చెక్కేటప్పుడు సగమే చెక్కుతాం, రెండో సగం అద్దంలో ప్రతిబింబంలా యంత్రమే చేసిపెడుతుంది. అందుకే తెర మీది స్టైరాకోసారస్‌లు చాలావరకు కొలిచినట్టు సమానంగా ఉంటాయి. 2015లో అల్బర్టాలో హన్నా అనే స్టైరాకోసారస్ పుర్రె దొరికింది. దాని ఎడమవైపు ముళ్లూ కుడివైపు ముళ్లూ ఎంత వేరుగా ఉన్నాయంటే, రెండు సగాలు విడివిడిగా దొరికి ఉంటే రెండు వేర్వేరు జాతులని రాసేసి ఉండేవారు. మూడో జత ముళ్లు ఈ జాతిలో కొన్నింటికి పొడవుగా ఎదిగేవి, కొన్నింటికి ఎదిగేవి కావు. మీవాడి బొమ్మలో ఒకవైపు రెండు, ఇంకోవైపు మూడు ఉన్నాయి కదా. దిద్దకండి. వీలైతే దాని ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, నా తర్వాతి రిగ్‌కు పనికొస్తుంది.